పసుపు పడ్డ పాదం

మొన్న ఒక పిల్ల ఇంటికొచ్చి తన కార్డు చేతిలో పెట్టింది. కార్డు మీద ఉద్యోగం పేరు ఆమె పేరుకన్నా పొడుగ్గా ఉంది.

"అంటే ఏం చేస్తవు బిడ్డా?" అని అడిగాను.

గదులూ దుకాణాలూ ఎలా ఉండాలో చెబుతుందట. అచ్చు వేసేవాటికి రూపం ఇస్తుందట. కంప్యూటర్లో కనిపించే బొమ్మలూ తనే చేస్తుందట. ఈ మూడూ ఒకే మనిషి చేస్తే ఆ పొడుగు పేరట.

"అయితే నేను గూడ గదే" అన్నాను. ఆ పిల్ల నవ్వాపుకోవడానికి మంచినీళ్లు అడిగింది.

నేను పెయింటర్ గంగారాంని. కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా బోర్డులు రాశాను, గోడలు రాశాను, పెళ్లి మంటపాలు కట్టాను, శుభలేఖలు వేశాను, బట్టల దుకాణాల్లో అద్దం ఎక్కడుండాలో చెప్పాను, చివరికి కంప్యూటర్ ముందు కూడా కూర్చున్నాను. ఇన్నీ చేసినా జనం నన్ను పిలిచింది "ఓ పెయింటరూ" అనే. ఆ పిల్లలాంటి వాళ్లు ఇప్పుడు ఈ పనిలోకి చాలామంది వస్తున్నారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. నాకొచ్చిన సన్మానాల గురించి రాయను. అవి రాలేదు కాబట్టి ఆ భాగం చిన్నదే. నేను చేసిన తప్పుల గురించి రాస్తాను. అవి మాత్రం కావలసినన్ని ఉన్నాయి.

సైకిల్ మీద పరీక్ష

మాది మెట్‌పల్లి. మా నాన్న, మేం బాపు అనేవాళ్లం, మగ్గం నేసేవాడు. నేను బడికి పోయేవాణ్ని, అంటే బడి దాకా పోయేవాణ్ని. ఏడో తరగతిలో ఒకరోజు లెక్కల సారు నన్ను బెంచీ ఎక్కించాడు. ఆయన అనుకోని మేలు ఏమిటంటే, బెంచీ మీద నుంచి కిటికీ అవతలి గోడ బాగా కనిపించింది. ఆ గోడ మీద ఒకాయన సబ్బు ప్రకటన రాస్తున్నాడు. చేతికి స్కేలు లేదు, దారం లేదు. అక్షరాలు మాత్రం వరసలో నిలబెట్టిన పోలీసుల్లా ఉన్నాయి. నేను బెంచీ దిగి కిటికీలోంచి దూకి ఆయన దగ్గరికి పోయాను. దిగమని సారు ఇప్పటికీ చెప్పలేదు. లెక్క ప్రకారం నేనింకా శిక్షలోనే ఉన్నాను.

ఆయన పేరు జబ్బార్ ఉస్తాద్. కరీంనగర్‌లో ఉండేవాడు. అరవై తొమ్మిదిలో ఆయన వెంట పోయాను. మూడేళ్లు డబ్బాలు కడిగాక ఒక మిఠాయి దుకాణం బోర్డు నా చేతికిచ్చాడు. నాకు వచ్చిన విద్యంతా దాని మీద పోశాను. అక్షరానికి నీడ, నీడకు అంచు, అంచుకు మెరుపు, ఖాళీ దొరికిన చోటల్లా ఒక లడ్డు. ఉస్తాద్ దాన్ని ఒకసారి చూశాడు. నన్ను సైకిల్ వెనక ఎక్కించుకుని ఆ దుకాణం ముందు నుంచి జోరుగా తొక్కాడు.

"ఏం చదివినవ్ బేటా?"

"చదవలే ఉస్తాద్. జల్ది పోయినం."

"రాసింది ఎవరు?"

"నేనే."

"రాసినోడే చదవకపోతే, ఊరోడు ఏం చదువుతడు? బోర్డు చదివేటోడు నిలబడడు. పోతుంటడు. ఆనికి వేరే పనుంటది."

బోర్డు మొత్తం గీకించి మళ్లీ రాయించాడు. ఈసారి ఒక్క లడ్డు కూడా లేదు. అప్పటినుంచి ఏ పని చేసినా రోడ్డు అవతలికి పోయి, పనున్న మనిషిలా నడుస్తూ చూస్తాను. మీ కంప్యూటర్ బొమ్మలకు కూడా ఇదే పరీక్ష. కుర్చీలో కూర్చుని చూస్తే మన పని ఎప్పుడూ బాగానే ఉంటుంది.

బోర్డు కింద ఉన్నది

గది కూడా బోర్డులాంటిదేనని నేర్పింది మెట్‌పల్లిలోని ఒక బట్టల సేటు. ఆడవాళ్లు గుమ్మం దాకా వచ్చి తిరిగిపోతున్నారని, బోర్డు మార్చమని పిలిచాడు. నేను ఒక పూటంతా ఎదురు హోటల్లో చాయ్ తాగుతూ చూశాను. బోర్డుకు ఏ జబ్బూ లేదు. దాని కింద, సరిగ్గా గుమ్మం పక్కన, సేటు గద్దె వేసుకుని కూర్చున్నాడు. పొలం కాపలావాడు గొడ్లను చూసినట్టు వచ్చేవాళ్లను చూస్తున్నాడు.

"సేటూ, బోర్డు మంచిగనే ఉన్నది. బోర్డు కిందనే జర తేడా ఉన్నది" అన్నాను.

"ఏమున్నదిరా కింద?"

"మీరున్నరు."

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు గద్దె లోపలికి జరిపించి, ఆ చోట నిలువుటద్దం పెట్టించాను. అద్దంలో తమను చూసుకోవడానికి వచ్చినవాళ్లు చీర భుజాన వేసుకుని చూశారు. దుకాణం నిండింది. సేటు మాత్రం కొత్త బోర్డు మహిమ అని అందరికీ చెప్పాడు. కొత్త బోర్డు నేను రాయనే లేదు.

ఈ రెండు పాఠాలతో నేను పెద్దవాణ్నయ్యానని అనుకున్నాను. అప్పుడు ఆదిలాబాద్ దగ్గరి ఇచ్చోడ నుంచి కబురొచ్చింది.

ఎనిమిది తలుపులు

ఎనభైల మొదట్లో ఇచ్చోడలో డాక్టర్ విమల దవాఖాన పెట్టింది. జనం అందరూ డాక్టరమ్మ అనేవారు. మూతపడిన పత్తి మిల్లు గోదాముకు గోడలు కట్టించి గదులు చేసింది. పొడుగాటి వరండా, ఒకేలాంటి ఎనిమిది తలుపులు. చివరి గదిలో మందుల ఫ్రిజ్జు ఉండేది. పాము కాటుకు ఇచ్చే సూది మందు దాంట్లోనే ఉంటుంది కాబట్టి పాము కరిచినవాళ్లు ఆ గదికే పోవాలి. వాళ్లు మాత్రం ముందు కనిపించిన తలుపులోకి దూసుకుపోయేవారు. అది కాన్పుల గది.

"తొలకరి పడంగనే పత్తి చేన్లల్ల పాములు బయటికొస్తయి గంగారాం" అంది డాక్టరమ్మ. "మనిషిని మంచం మీద ఏసుకొని ఉరుకొస్తరు. గీడ తలుపు తలుపుకు తిరుగుతరు. నాకు నిమిషాల మీద పని. మిరుగం లోపట నువ్వేం చేస్తవో చెయ్యి, ఆ తలుపు వాళ్లకు దొరకాలె."

మిరుగానికి, అంటే మృగశిర కార్తెకు, ఇంకా నెల ఉంది. నేను ఎనిమిది తలుపుల మీదా ఎనిమిది పేర్లు చక్కగా రాశాను. రోడ్డు అవతల నిలబడి చూశాను, సైకిల్ మీద పోతూ చూశాను. అద్భుతంగా ఉన్నాయి. మరుసటి రోజు ఒక ముసలాయన కంటి పరీక్ష గది ముందు పన్ను పట్టుకుని కూర్చున్నాడు.

"తాతా, బోర్డు చూడలేదా?"

"చూసిన బిడ్డా. మంచిగ రాసినవ్" అన్నాడు. చదువు రాదని ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ చుట్టుపక్కల తెలుగు, మరాఠీ, గోండీ, ఉర్దూ మాట్లాడేవాళ్లు అందరూ వస్తారు. చదివేవాళ్లు కొద్దిమంది. నా అక్షరాల పోలీసులు ఎవరినీ ఆపలేకపోయారు.

"బొమ్మ వెయ్యి" అంది డాక్టరమ్మ.

నేను కట్టిన గుడి

బొమ్మ అంటే నాకు పండగ. సినిమా హాళ్లకు ముప్పై అడుగుల ముఖాలు వేసినవాణ్ని. చివరి తలుపు పక్క గోడ మీద పడగ విప్పిన నాగుపామును వేశాను. మనిషి ఎత్తు. పొలుసు పొలుసుకూ వెలుగు, పడగ మీద బంగారు పొడి, కళ్లు ఎటు నిలబడినా మనల్నే చూస్తాయి. రోడ్డు మీద బస్సులోంచి కూడా కనిపించింది. ఉస్తాద్ చూసి ఉంటే కౌగిలించుకునేవాడని అనుకున్నాను.

దవాఖాన గేటు దగ్గర గిర్జాబాయి అనే పెద్దమ్మ శనగలు, బఠానీలు అమ్మేది. ఆమె తెలుగులో సగం మరాఠీ ఉండేది; నన్ను భావు, అంటే తమ్ముడూ, అని పిలిచేది. మొదటి పసుపు ఆమే పెట్టింది. రెండో రోజు కుంకుమ వచ్చింది, మూడో రోజు కొబ్బరికాయ. వారానికి ఊదుబత్తులు గుచ్చడానికి ఎవరో మట్టిముద్ద కూడా పెట్టారు.

డాక్టరమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "గంగారాం, నేను దవాఖాన పెట్టిన. నువ్వు గుడి కట్టినవ్."

నేను నవ్వాను. నిజం చెప్పాలంటే మనసులో పొంగిపోయాను కూడా. ఏ పెయింటర్ వేసిన బోర్డుకు జనం దండం పెడతారు?

ఆ పొంగు మిరుగం మొదటి వానతో దిగిపోయింది. ఆ రోజు నేను గేటు మీద నిచ్చెన వేసుకుని పని చేస్తున్నాను. జీపు వచ్చి ఆగింది. ఇద్దరు అన్నలు పాము కరిచిన తమ్ముణ్ని చేతుల మీద ఎత్తుకుని వరండాలో ఉరికారు. ఏ తలుపు దగ్గరా ఆగలేదు, నేరుగా నా పాము దగ్గరికే పోయారు. "దొరికింది!" అని నిచ్చెన మీద నుంచే అరిచాను.

అక్కడ ఆగిపోయారు. తమ్ముణ్ని పాము ముందు పడుకోబెట్టారు. చెప్పులు విడిచారు. పెద్దవాడు మొక్కుతూ నిలబడ్డాడు, రెండోవాడు కొబ్బరికాయ కోసం బయటికి ఉరికాడు. సూది మందు ఉన్న తలుపు వాళ్లకు మూడడుగుల్లో ఉంది. నేను నిచ్చెన దిగి పరుగెత్తేసరికి నర్సమ్మ చప్పుడు విని బయటికొచ్చి, ఆ పిల్లవాణ్ని భుజాలు పట్టి లోపలికి లాగింది.

బతికాడు. సాయంత్రం డాక్టరమ్మ నన్ను పిలిచి కూర్చోబెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది.

"తలుపు దొరికింది. కాని తలుపు ముంగటనే ఆగిండ్రు. ఇంక జర ఆగితే నా చేతుల్ల ఏమీ ఉండకపోయేది గంగారాం."

మరుసటి పొద్దున నా చేత్తోనే ఆ పాము మీద సున్నం వేశాను. అంత మంచి పాము నేను మళ్లీ వేయలేదు. వాళ్లది మూఢనమ్మకమని అప్పుడు ఒకరిద్దరు నన్ను ఓదార్చారు. ఆ ఓదార్పు మీరెప్పుడూ తీసుకోవద్దు. నాగుపామును అంత అందంగా వేస్తే మా అవ్వ కూడా దండం పెట్టేది. నేను పామును ఎలా వేయాలో ఆలోచించాను. చూసినవాళ్లు ఏం చేస్తారో ఆలోచించలేదు.

గిర్జాబాయి చెప్పిన మాట

వానలు మొదలయ్యాయి, గోడ తెల్లగా ఉంది. ఏం వేయాలో తోచక గిర్జాబాయి పక్కన కూర్చుని శనగలు తింటున్నాను.

"దేవునికి సున్నమేసినవేంది భావు?" అని కోప్పడింది.

"నువ్వు పసుపు పెట్టబట్టే బాయీ. నిన్నెవరు పెట్టుమన్నరు?"

"నిన్నెవరు ఎయ్యమన్నరు? గంత ముద్దుగ ఎందుకేసినవ్? దేవుణ్ని చూసినంక చెప్పులతోని ఎట్ల పోతరు?"

"మరి ఏమెయ్యాలె? పాము కరిస్తె పామే గద?"

ఆమె శనగల బుట్ట మీద ఈగలు తోలుతూ నా ముఖం చూసింది. "పాముకు ఏమైంది? అది మంచిగనే ఉన్నది. అది దవాఖానకు రాదు గద. కరిచింది కాలుకు. కాలెయ్యి."

నలభై రకాల బ్రష్షులున్న నాకు అది తట్టలేదు. లేచి గోడ దగ్గరికి పోయాను. ఒక పెద్ద పాదం, మడమ పైన రెండు ఎర్రటి చుక్కలు. పైన పిక్కకు బిగించి కట్టిన గుడ్డ కూడా వేశాను, పల్లెల్లో అందరూ అలాగే కడతారు కదా అని. డాక్టరమ్మ చూసింది.

"ఆ గుడ్డ తియ్యి."

"అందరు కడ్తరు గదమ్మా?"

"అందుకే తియ్యి. గట్టిగ కట్టొద్దని నేను మొత్తుకుంటున్న. నువ్వు గోడ మీద ఏసినంక డాక్టరమ్మనే కట్టమన్నదంటరు."

గుడ్డ తీసేశాను. ఇంకో పాఠం కూడా అందులోనే ఉంది. గోడ మీద వేసింది ఊరికే బొమ్మ కాదు, చూసినవాళ్లకు అది చెప్పినట్టు లెక్క.

ఇక గేటు నుంచి ఆ తలుపు దాకా దారి చూపించాలి. నేల మీద చిన్న చిన్న పాదాలు వేస్తే అందంగా ఉంటుందని అనుకున్నాను. అయితే ఈసారి డబ్బా మూత తీయకముందే గిర్జాబాయిని అడిగాను.

"మల్ల దేవుని పాదాలేస్తవా? నీకు బుద్ధి రాలేదు భావు!" అని పడీ పడీ నవ్వింది.

ఉత్త ఎర్ర గీత వేశాను. జానెడు వెడల్పు, గేటు నుంచి చివరి తలుపు దాకా, మధ్యలో ఎక్కడా తెగకుండా. అదే పాదాన్ని, గీతను, తలుపును కాగితం మీద కూడా వేసి వారం వారం జరిగే అంగడిలో పంచాలనుకున్నాం. ఆదిలాబాద్‌లో కాలితో తొక్కి అచ్చు వేసే ట్రెడిల్ ప్రెస్సు నడిపే ఆసామి నా బొమ్మ చూసి పెదవి విరిచాడు.

"పైన గింత జాగ ఖాళీ ఉన్నది. ఒక దేవుని బొమ్మ బ్లాకున్నది నా తాన. ఎయ్యాల్నా?"

"నీకు దండం పెడ్త, ఎయ్యకు."

"దేవుడు లేని కాగితం నా ప్రెస్సుల ఇప్పటిదాక అచ్చు గాలే."

"గా దేవునితోనే పరేషాన్ల ఉన్న అన్నా" అని మొత్తం కథ చెప్పాను. ఆయన నవ్వి నవ్వి, ఖాళీని ఖాళీగానే వదిలి వేసిచ్చాడు. అంగడిలో శనగలు అదే కాగితంలో పొట్లాలు కట్టి గిర్జాబాయి అమ్మింది. నా జీవితంలో అంతకన్నా బాగా పంచిన మనిషిని చూడలేదు.

పోయేటప్పుడు

ఆ ఏడు పత్తి పూత మీదున్నప్పుడు గిర్జాబాయి కొడుకు మారుతిని చేనులో పాము కరిచింది. ఆమె గేటు దగ్గర లేదు, ఊరికి పోయింది. మోసుకొచ్చిన నలుగురూ దవాఖాన ఎప్పుడూ చూడనివాళ్లే. గేటు దగ్గర ఎవరినీ ఏమీ అడగలేదట. ఒకడు గీత చూపించాడట, నలుగురూ దాని మీదే ఉరికారట. పాదం బొమ్మ ముందు ఒక్కడు కూడా ఆగలేదు. గిర్జాబాయికి కబురు అందేసరికే సూది మందు ఎక్కుతోంది.

నాలుగో రోజు నేను ఇచ్చోడ పోయాను. మారుతి కుంటుకుంటూ వరండాలోకి వచ్చాడు. గిర్జాబాయి కొంగు ముడి విప్పి పసుపు తీసింది. గోడ మీది పాదం బొటనవేలికి రాసింది, కుంకుమ పెట్టింది. డాక్టరమ్మ గది గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"గిర్జాబాయీ, మల్లనా?" అంది.

గిర్జాబాయి వెనక్కి కూడా తిరగలేదు. "పోయేటప్పుడు పెట్టుతున్న అమ్మా. వచ్చేటప్పుడు ఎవ్వరు ఆగలే."

డాక్టరమ్మ నన్ను చూసింది. నేను డాక్టరమ్మను చూశాను.

అప్పటినుంచి అదే ఆచారమైంది. ఆ గదిలోంచి తమ కాళ్ల మీద బయటికి నడిచినవాళ్లు పాదానికి పసుపు రాసి పోయేవాళ్లు. లోపలికి వచ్చేవాళ్లు మాత్రం ఆగలేదు. ఏటేటా వానాకాలం చివరికి ఆ బొటనవేలు పసుపు కొమ్ములా అయ్యేది. నేను రంగు వేయబోతే నర్సమ్మ అడ్డుపడేది.

మౌసుతో తుడిచిన మరక

తొంభైలలో కంప్యూటర్లు వచ్చాయి. కరీంనగర్‌లో మా సందు చివర స్వరూప అనే అమ్మాయి డీటీపీ సెంటర్ పెట్టింది. తోటి పెయింటర్లు ఆ దుకాణం ముందు నుంచి ముఖం తిప్పుకుని పోయేవారు. నేను లోపలికి పోయి కూర్చున్నాను. తెర మీద బొమ్మను పెద్దది చేస్తే చిన్న చిన్న గళ్లు కనిపించాయి. బాపు చీర అంచుకు గీసుకునే గళ్ల కాగితం గుర్తొచ్చింది. "గింతేనా!" అన్నాను. గింతే కాదని తర్వాత తెలిసింది. భయం మాత్రం ఆ రోజే పోయింది.

అప్పుడే డాక్టరమ్మ వరండా పడగొట్టి కొత్త కట్టడం కట్టించింది. నా గోడ పోయింది. గోడ పడకముందే తీయించిన పాత పాదం ఫొటో పంపి, ఈసారి వానకు పోని ప్లాస్టిక్ పలక మీద కావాలంది. ఫోన్‌లో ఆమె గొంతులో బెరుకు నాకు వినిపించింది. "జనం పాత గోడకు అలవాటు పడ్డరు గంగారాం. గీ మెరిసేదాన్ని చూసి దుకాణం అనుకొని వెనుకకు పోతరేమో."

నాకూ అదే భయం. గిర్జాబాయి అప్పటికి లేదు. అడుగుదామంటే ఆమె కొడుకు మారుతి ఉన్నాడు. పలక నమూనా పట్టుకుని పోయి చూపించాను. "కాలు గదే, గీత గదే. నడుస్తది" అన్నాడు.

స్వరూప ఫొటోను కంప్యూటర్లోకి ఎక్కించింది. బొటనవేలు దగ్గర ఆగింది. "అంకుల్, గీ పసుపు మరకలు ఉంచాల్నా, తుడవాల్నా?"

ఉంచితే ఎంత బాగుంటుందో నాకు తెలుసు. నా పాము కూడా అంతే బాగుండేది.

"తుడువు బిడ్డా. గది మనం ఏసేది కాదు. వాళ్లకు పెట్టాలనిపిస్తె వాళ్లే పెడ్తరు."

మౌసుతో టకటకా తుడిచేసింది. పలక బిగించాను, నేల మీద ఎర్ర గీత మాత్రం నా చేత్తోనే వేశాను. కరీంనగర్ వచ్చేశాను. మిరుగం వచ్చింది, వానలు పడ్డాయి. ఇచ్చోడ నుంచి ఏ కబురూ లేదు. రోజూ స్వరూప దుకాణానికి పోయి శుభలేఖల అక్షరాలు సరిచేస్తూ, కన్ను మాత్రం ఫోన్ మీద వేసి కూర్చునేవాణ్ని.

ఒక మధ్యాహ్నం మోగింది. స్వరూప ఎత్తింది, విన్నది, రిసీవర్‌కు చెయ్యి అడ్డం పెట్టి నా వైపు తిరిగింది.

"అంకుల్, ఇచ్చోడ నుంచి ఎవరో డాక్టరమ్మ. మనం ఏసిన కొత్త బోర్డు మీద అప్పుడే పసుపు పడ్డదట. జల్ది చెప్పమన్నది. పోయి తుడిచి రావాల్నా?"

"వద్దు బిడ్డా" అన్నాను. "ఎవరో నడుసుకుంట ఇంటికి పోయిండ్రు."